ఇక్కడ అందరం క్షేమం

కొత్తపేట,
సెప్టెంబరు 4.

బావగారు దొరబాబు గారికి నరసింహమూర్తి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరు, చెల్లెమ్మ పద్మావతి, మా కోడలు రేవతి క్షేమమని తలుస్తాను. మర్యాద అయిపోయింది. ఇక విషయం.

మీరు ఫోను చేస్తే నేను ఎత్తడం లేదని మా ఆవిడ భూలక్ష్మి దగ్గర వాపోయారట. ఎత్తను. ఫోనులో అన్న మాట మర్నాటికి ఎవరూ అనని మాట అయిపోతుంది. కాగితం మీద అయితే మనిషి కాస్త ఆలోచించి అబద్ధమాడతాడు. కాబట్టి నాతో పని ఉంటే ఉత్తరం రాయండి. రాజోలు నుంచి కొత్తపేటకి రావడానికి మూడు రోజులు పడుతుంది. మీకు ఆలోచించుకోవడానికి ఆ మాత్రం వ్యవధి అవసరం కూడాను.

సీమంతం నాడు మీరన్న మాట నేను మరచిపోలేదు. నలభైమంది పేరంటాళ్ల ముందు, పులిహోర వడ్డిస్తున్నవాడు గరిటె గాల్లో ఆపి వినేంత గట్టిగా అన్నారు: "మొగుడు లేని సీమంతం ఏం సీమంతమండీ! ఈ మిలట్రీ కన్నా మా కువైట్ డ్రైవరుద్యోగం నయమండి బాబూ, రెండేళ్లకోసారైనా మొహం చూపిస్తాం." ఇరవై రెండేళ్లు ఒక షేకు గారి పిల్లల్ని బడికి దింపివచ్చిన మీకు, మంచులో తుపాకీ పట్టుకుని నిలబడేవాడి ఉద్యోగం నాసిగా కనబడింది. సంతోషం.

వీరేంద్ర నా తమ్ముడి కొడుకు. తొమ్మిదో ఏటికే తల్లీ తండ్రీ లేనివాడయ్యాడు. నా చేతుల మీద పెరిగాడు. ఇవాళ నాయక్ హోదాలో ఉన్నాడు. ఎక్కడున్నాడో వాడు చెప్పకూడదు, నేను అడగకూడదు. అదొక ఎత్తైన కొండ అని, అక్కడ చలి ఎక్కువని, ఆదివారం మాత్రం ఫోను దొరుకుతుందని, అంతే తెలుసు. నవంబరు మూడో వారంలో కాన్పు అని అమలాపురం డాక్టరమ్మ అన్నది. తొలిచూలు. ఆ వేళకి మొగుడు పక్కనుండాలని మీ అమ్మాయికి ఎంత ఉందో, వాడు రావాలని నాకూ అంతే ఉంది. వస్తే వస్తాడు, రాకపోతే రాడు. వాడి మనసు మాత్రం చెదరకూడదు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు శాఖా గ్రంథాలయం నడిపినవాణ్ణి. మీరు ఏనాడూ గుమ్మం తొక్కని ఆ భవనంలో యుద్ధాల మీద ఉన్న పుస్తకాలన్నీ చదివాను. అన్నిటి సారం ఒకటే. సైనికుణ్ణి శత్రువు కంటే ముందు ఇంటి బెంగ పడగొడుతుంది. అందుచేత ఒక నియమం పెడుతున్నాను. ఆదివారం ఫోను రాగానే స్పీకరు పెట్టండి. మీరు రేవతి పక్కన కూర్చోండి. అందరం క్షేమం అన్న కబురు తప్ప రెండో కబురు వాడి చెవిన పడకూడదు.

మనవాళ్లకి సైనికుడంటే ఏమిటో తెలుసునా? శాలువా కప్పడానికి ఒక భుజం. మొన్న ఆగస్టు పదిహేనుకి సైనిక కుటుంబాన్ని సత్కరిస్తామని చెప్పి, కడుపుతో ఉన్న పిల్లని మా ఊరి స్కూలు ఆవరణలో రెండు గంటలు ఎండలో నిలబెట్టారు. ఆరుగురు ఆరు శాలువాలు కప్పారు. ఏడోవాడు ఉపన్యాసమిచ్చి మా వాడి పేరు తప్పు చెప్పాడు. మర్నాడు గ్యాస్ సిలిండరు వీధి గుమ్మంలోంచి వంటింట్లోకి జరపడానికి ఆ ఏడుగురిలో ఒక్కడు కనబడలేదు. నేనూ భూలక్ష్మీ దొర్లించుకున్నాం.

ఇట్లు,
ఇష్టం లేకపోయినా బంధువైన
నరసింహమూర్తి.

తా.క.: రేవతి కాళ్లకి నీరు పట్టిందని భూలక్ష్మి చెప్పింది. ఆ మాట వాడికి తెలియకూడదు. అడిగితే కొత్త పట్టీలు బిగుతుగా ఉన్నాయని చెప్పండి.


రాజోలు,
సెప్టెంబరు 11.

పూజ్యులు బావగారు నరసింహమూర్తి గారికి దొరబాబు నమస్కరించి రాసుకునేదండి.

మీ ఉత్తరం అందిందండి. ఆయ్. నేను ఉత్తరం రాసి పాతికేళ్లయిందండి. అప్పట్లో కువైట్ నించి మా ఆవిడకి రాసేవోణ్ణి. తప్పులుంటే దిద్దుకుని చదవండి. మీరెలాగూ దిద్దుతారు.

సీమంతం నాటి మాటకి మన్నించండి. ఆడపిల్ల తండ్రినండి. అక్కడ గాజులు తొడుగుతుంటే మా అమ్మాయి చేతుల కేసి చూసుకోకుండా వీధి గుమ్మం కేసి చూస్తోందండి. అది చూసి నోరు జారేను.

మీరు చెప్పినట్టే మొన్నాదివారం స్పీకరెట్టి పక్కన కూర్చున్నానండి. అల్లుడుగారు "ఎలా ఉన్నావు" అన్నారు. మా అమ్మాయి "కాళ్లు కొంచెం" అందండి. నేను దగ్గేను. "కాళ్లకేమయ్యింది?" అన్నారండి. "కొత్త పట్టీలు కొన్నాం బాబూ, కొంచెం బిగుతు" అన్నానండి. "అలాగా" అన్నారు. ఆ తరవాత ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తెలీలేదండి. మధ్యలో బాగుండదని నేనే వానల గురించి మాట్లాడేను. రెండు నిమిషాల్లో అయిపోయింది.

బావగారూ, మీరు చదువుకున్నవారు. నాకు పుస్తకాలు తెలీవు గాని లీవులు తెలుసండి. లీవిచ్చేవోడు ఒకడుంటాడు. ఆడికిష్టమైంది ఒకటుంటుంది. అది కనిపెడితే లీవొచ్చేసినట్టే. నన్ను పనిలో పెట్టుకున్న కఫీలుకి మన మామిడితాండ్రంటే ప్రాణమండి. ఏడాదికి రెండు చాపలు పట్టుకెళ్లేవోణ్ణి, ఏ రోజూ నాతో గట్టిగా మాట్లాడలేదు. మరి అల్లుడుగారి కఫీలు ఎవరండి? పేరు తెలీక, "పెద్ద ఆఫీసరు గారికి" అని రాసి, అల్లుడుగారి ఫౌజు చిరునామాకే ఆత్రేయపురం పూతరేకులు పన్నెండు డబ్బాలు పార్సిలేసేనండి. నేతివి. జీడిపప్పు వేయించినవి.

మా ఆవిడ అక్కయ్య గారిని అడిగేనని చెప్పమంది.

ఇట్లు,
మీ విధేయుడు
దొరబాబు.

తా.క.: అడగడం మర్చిపోయేనండి. అల్లుడుగారి పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉందాండి, మా కఫీలు నాది ఉంచేసుకున్నట్టు ఆ ఆఫీసరు తీసేసుకున్నాడా?


కొత్తపేట,
సెప్టెంబరు 18.

బావగారు దొరబాబు గారికి,

ఇక్కడ అందరం క్షేమం. మీ ఉత్తరం చదివేదాకా ఇంకా క్షేమం.

భారత సైన్యానికి కఫీలు ఉండడు. కంపెనీ కమాండరు ఉంటాడు. ఆయనకి మామిడితాండ్ర మీద మోజు ఉండదు, ఉన్నా మీకు చెప్పడు. సైనికుడి పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందని అడిగిన మొదటి భారతీయుడు మీరే అయి ఉంటారు. ఇరవై రెండేళ్ల తరువాత ఒళ్లు రాజోలు చేరింది గాని, బుర్ర ఇంకా కువైట్ విమానాశ్రయంలో పెట్టెల దగ్గర తిరుగుతున్నట్టుంది.

అక్కడ సెలవు ఒకరు దయతలిచి ఇచ్చేది కాదండీ. వంతు. కంపెనీలో ఒకసారికి ఇంతమందే ఇంటికి వెళ్లాలని లెక్క ఉంటుంది. ఒకడు వెళితే వాడి కాపలా మిగిలినవాళ్లు పంచుకుని కాస్తారు. ఎవరి ఇంట్లో అవసరం ఎక్కువుంటే వాడి పేరు ముందుకు జరుగుతుంది. మీ పూతరేకుల వల్ల జరగదు.

ఈ దేశంలో చదువుకున్నవాళ్లకే ఈ సంగతులు తెలియవు, ఇక మీ మాట చెప్పేదేముంది. మొన్న రచ్చబండ దగ్గర మా ఊరి ప్రెసిడెంటు "కుర్రోడు దీపావళికి వస్తాడాండీ, ఫంక్షను పెట్టిద్దాం" అన్నాడు. రావడం లేదంటే "ఒక్క రోజుకి పర్మిషనడగొచ్చు కదండీ" అన్నాడు. మండలాఫీసులో సంతకం పెట్టి టీకి వెళ్లే ఉద్యోగం అనుకున్నాడు. కొండ దిగడానికే నాలుగు రోజులు పడుతుందయ్యా అని చెప్పాను. "మరి హెలికాప్టరుండదాండీ?" అన్నాడు. ఇలాంటివాళ్లని కాపాడడానికి మావాడు అక్కడ గడ్డకట్టుకుపోతున్నాడు.

నియమం బాగా పనిచేస్తోంది. వీరేంద్ర మొన్న నాకు నాలుగు వాక్యాలు రాశాడు. "మీరంతా ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నారు, అది చాలు పెదనాన్నా" అన్నాడు. ఆ వాక్యాన్ని మూడుసార్లు చదువుకున్నాను. మీరు దగ్గుతూనే ఉండండి.

ఇట్లు,
నరసింహమూర్తి.

తా.క.: పూతరేకులు ఇక్కణ్నుంచి రావులపాలెం వెళ్లేసరికే విరుగుతాయి. మీ పార్సిలు ఆ కొండ ఎక్కేసరికి విభూతి అవుతుంది. భక్తులెవరైనా ఉంటే నుదుట పెట్టుకుంటారు.


రాజోలు,
అక్టోబరు 5.

పూజ్యులు బావగారికి దొరబాబు నమస్కారాలండి.

ముందుగా పూతరేకుల సంగతి. చేరేయండి. పార్సిలు మీద నా నెంబరు చూసి అక్కడి సుబేదారు గారే ఫోన్ చేసేరు, హిందీలో. మీరన్నట్టే పన్నెండు డబ్బాలూ పొడైపోయేయంటండి. "ఇదేం పొడి, పాలల్లో కలుపుకోవాలా?" అని అడిగేరు. కాదంటే బాగుండదని "హా సాబ్, పూటకి రెండు చెంచాలు" అన్నానండి. కుర్రాళ్లందరికీ బలం వచ్చిందని దండాలు చెప్పేరు. పెద్ద ఆఫీసరు గారు ముట్టలేదంటండి. మొత్తం కుర్రాళ్లకే పంచేసేరంట. మీరు చెప్పిందే నిజమండి, ఆయన కఫీలు కాదు.

ఇప్పుడు అసలు సంగతి. డాక్టరమ్మ బీపీ ఎక్కువుందందండి. ఉప్పు మాన్పించింది. ఇంకా పెరిగితే మూడో వారం దాకా ఆగడానికి లేదు, ముందే ఆపరేషనంది. మా అమ్మాయి ఇంటికొచ్చి, చప్పిడి పప్పన్నం కలుపుకుంటూ, "నాన్నా, ఈ ఆదివారం దగ్గకు" అందండి. నేను మీ మాట మీద ఉండి దగ్గేనండి. ఆ రోజు నించి నాతో మాట్లాడ్డం లేదు.

నాకు ఆగలేదు బావగారూ. కోప్పడకండి. పద్ధతి కాకపోయినా, చెయ్యాల్సింది చేసేసేను.

కువైట్‌లో నేను మా నాయనమ్మని మూడుసార్లు చంపేనండి. మొదటిసారి ఇరవై రోజులిచ్చేడు. రెండోసారికి కఫీలు మర్చిపోయేడు. మూడోసారి "మీ దేశంలో మనిషికి ఎంతమంది నాయనమ్మలు?" అని అడిగేడండి, అడిగి కూడా ఇచ్చేడు. గల్ఫులో ఉన్న గోదారోళ్లందరికీ ఇదే పద్ధతండి. లీవు కావాలంటే ఇంటికాడ ఎవరో ఒకరు పోవాలి.

మరి ఇప్పుడు ఎవరున్నారండి? అల్లుడుగారికి తల్లీ తండ్రీ లేరు. పెంచినోరు మీరు. వయసు కూడా కలిసొచ్చింది. ఇంగ్లీషొచ్చిన లాయరు గుమాస్తా చేత అర్జీ రాయించి, మీకు చాలా సీరియస్‌గా ఉందని, వీరేంద్రా వీరేంద్రా అని కలవరిస్తున్నారని, ఆ ఆఫీసరు గారికి రిజిస్టర్ పోస్టేసేను. పూర్తిగా చంపడానికి చెయ్యి రాలేదండి. కొనవూపిరి దగ్గర ఆపేను.

ఇట్లు,
మీ ఆయుష్షు కోరే
దొరబాబు.

తా.క.: దయచేసి ఓ నెల్లాళ్లు గడ్డం గీసుకోకండి. సైకిలెక్కకండి. సంతలో బెండకాయలు విరిచి చూస్తూ కూరలమ్మితో గొడవపడకండి. చూసినోళ్లు నమ్మరు.


కొత్తపేట,
అక్టోబరు 17.

దొరబాబు గారికి, కొనవూపిరి మీదున్న నరసింహమూర్తి రాయునది.

మీ ఉత్తరం, మీ అర్జీ మీద విచారణా ఒకే వారంలో వచ్చాయి. సైన్యం మీ షేకు లాంటిది కాదు. అర్జీ రాగానే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి రాసింది. వాళ్లు తహసీల్దారుకి రాశారు. ఆయన మా వీఆర్వోని పంపాడు. మమత అని కొత్తగా వచ్చిన పిల్ల. నేను పెరట్లో గునపం దగ్గర నిలబడి కొబ్బరికాయలు వలుస్తున్నాను.

"నరసింహమూర్తి గారిల్లు ఇదేనాండీ?"

"ఇదే."

"పెద్దాయన ఎలా ఉన్నారండీ?"

"కాయలు వలుస్తున్నాడు."

ఆ పిల్ల చేతిలోని కాగితాన్ని చూసింది, నన్ను చూసింది, వలిచిన కాయల్ని లెక్కపెట్టింది.

"ఆఖరి ఘడియల్లో ఉన్నారని రాసేరండీ."

"ఎవరు?"

"మీరేనండీ."

ఆ పిల్ల వచ్చేలోపే కబురు ఊరంతా పాకింది. నా శత్రువులందరూ వరసగా వచ్చి చూసి వెళ్లారు. అంత సంతోషంగా ఉన్న మొహాలు ఈ ఊళ్లో ఈమధ్య చూడలేదు. ప్రెసిడెంటు బత్తాయిలు తెచ్చి, నేను గుమ్మంలో ఎదురైతే ఉలిక్కిపడి, "అయ్యో, సంతాప సభకి మైకు చెప్పేసేమండి" అన్నాడు. పక్కింటి సత్యం ముప్పై ఏళ్ల కిందట గ్రంథాలయం నుంచి పట్టుకెళ్లిన పుస్తకం తెచ్చాడు. పోయేవాడి ఉసురు తగులుతుందని భయమట. నాకేమీ లేదని తెలియగానే, ఆఖరి అధ్యాయం చదవలేదంటూ మళ్లీ పట్టుకుపోయాడు.

ఇక నేను చేసినది వినండి. అబద్ధం మీద ఒక సైనికుణ్ణి కాపలా దించి ఇంటికి రప్పించే కుటుంబం మాది కాదు. మమత దగ్గర కాగితం తీసుకుని నేనే ఇంగ్లీషులో వాంగ్మూలం రాసిచ్చాను. దాని తెలుగు ఇది: "నేను సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నాను. మా ఇంట గాని మా వియ్యంకుల ఇంట గాని ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. నాయక్ వీరేంద్ర ఇంటికి రావలసిన అవసరం ఏదీ లేదు. అతడు నిశ్చింతగా విధి నిర్వహించవచ్చును." మూడు ప్రతులు. మూడింటి మీదా సంతకం. ఆ పిల్ల "మీ చేతిరాత ముత్యాల్లా ఉందండీ" అని మెచ్చుకుంది.

ఆ వాక్యాలు చదివి ఆ కమాండరు గారు ఏమనుకుంటారో నేను ఊహించగలను. మీరు ఊహించలేరు.

ఇట్లు,
మీ దయవల్ల ఇంకా జీవించి ఉన్న
నరసింహమూర్తి.

తా.క.: ఆ గొడవలో వీరేంద్ర కంగారుపడి భూలక్ష్మికి ఫోను చేశాడు. "పెదనాన్నకి ఎలా ఉంది?" అన్నాడట. "ఆయనకేం, గుండ్రాయిలా ఉన్నారు" అంది. సైనికుడి ఇంటి ఆడది అంటే అలా ఉండాలి.


రాజోలు,
నవంబరు 7.

బావగారికి దొరబాబు నమస్కారాలు.

ఆడపిల్ల పుట్టిందండి. అక్కయ్య గారు ఆస్పత్రికొచ్చి చూసేరు గనక మీకు తెలిసే ఉంటుంది. మీరు రాలేదు. నా మీద కోపమని అక్కయ్య గారు చెప్పేరు. మీరు పుస్తకాలు చదివినోరు, నేనేం చెప్తాను. జరిగింది మాత్రం చెప్తానండి.

శుక్రవారం బీపీ ఎక్కువైతే అమలాపురం తీసుకెళ్లి చేర్పించేం. డాక్టరమ్మ సోమవారం పొద్దున్న ఆపరేషనంది. ఆదివారం అల్లుడుగారి ఫోనొచ్చింది. మా అమ్మాయి మంచం మీద ఉందండి, చేతికి సెలైను. నేను ఇవతల కుర్చీలో ఉన్నాను. "ఎలా ఉన్నావు?" అన్నారు. "బాగున్నానండి" అంది. "అక్కడేదో చప్పుడొస్తోంది?" "టీవీ అండి." "అందరూ బాగున్నారా?" "అందరూ బాగున్నారండి." పెట్టేసింది.

నేను దగ్గలేదు బావగారూ. దగ్గక్కర్లేకుండానే అబద్ధం చెప్పడం వచ్చేసిందండి మా అమ్మాయికి.

సోమవారం పొద్దున్న నర్సమ్మ కాగితం తెచ్చి "భర్త ఎక్కడ, సంతకం పెట్టాలి" అంది. మిలట్రీలో ఉన్నాడన్నాను. "అయ్యో, గ్రేటండీ" అని దండం పెట్టింది. దండం పెట్టి, మళ్లీ "మరి సంతకం ఎవరు పెడతారండీ?" అంది. నేను పెడదామంటే అందులో ఏదైనా జరిగితే మా పూచీ లేదని రాసుందండి. కలం పట్టుకుని ఆ ముక్కే మళ్లీ మళ్లీ చదువుతున్నానండి. మా అమ్మాయి చెయ్యి చాపి ఆ కాగితం తీసుకుని, సెలైను ఉన్న చేత్తోనే, తన సంతకం తనే పెట్టేసుకుందండి. "ఆయనుంటే కూడా నేనే పెట్టేదాన్ని నాన్నా, కాని ఆయనుండేవారు" అంది.

ఇక ఉంటానండి.

ఇట్లు,
దొరబాబు.

తా.క.: అల్లుడుగారికి పాప పుట్టిందని చెప్పేమండి. ఆపరేషనని చెప్పలేదు. మీ నియమం.


కొత్తపేట,
నవంబరు 26.

బావగారు దొరబాబు గారికి నరసింహమూర్తి నమస్కారాలు.

ఇక్కడ మాకు క్షేమంగా లేదు. పూర్తిగా చదవండి.

వారం కిందట ఓడలరేవు నుంచి ఒక మనిషి వచ్చాడు. నాగబాబు అని పేరు. వీరేంద్ర కంపెనీలోనే ఉంటాడు, సెలవు మీద వచ్చాడు. బిడ్డకని మావాడు తనతో ఉన్ని టోపీ పంపాడు. చెవులు కూడా కప్పే టోపీ. మన వూళ్లో అది తొడిగితే బిడ్డ ఉడికిపోతుంది. వాడి లోకంలో ఇప్పుడు చలి ఒక్కటే ఉంది, పాపం.

"కాఫీ తాగు" అన్నాను. తాగాడు. "నీకు సెలవెలా దొరికింది?" అన్నాను.

"మా నాన్న వేటకెళ్లి పడవలో జారి కాలిరగ్గొట్టుకున్నాడండి మాస్టారూ. నా వంతు ఫిబ్రవరిలో అండి. ఈ వంతు వీరేంద్రన్నదండి, నవంబరు. సెప్టెంబరులో సుబేదార్ సాబ్ లిస్టు చదివితే, అన్న లేచి 'మా ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు సాబ్, నాది ఈడికిచ్చెయ్యండి' అన్నాడండి."

వాడు ఆగలేదు. ఓడలరేవు మనిషి, గాలిలో అరిచి మాట్లాడే అలవాటు.

"మా ఇంటోళ్లు ఫోన్లో ఏడుస్తారండి. మా అమ్మయితే నాన్న కాలు, మేక ఈనడం, పక్కింటోళ్ల తగూ, అన్నీ చెప్పేస్తాది. నా ఎనకాల లైన్లో ఉన్నోళ్లు తిడతారు. అన్నది రెండు నిమిషాల్లో అయిపోద్దండి. 'ఏంట్రా, మీ ఇంటోళ్లకి నువ్వక్కర్లేదా?' అని ఏడిపిస్తామండి. నవ్వేసి ఎళ్లిపోతాడు. ఆ రోజు అన్నం సరిగ్గా తినడండి."

ఇంకా ఉంది. మీ అర్జీ చేరగానే కమాండరు గారు వీరేంద్రని పిలిచి, విచారణ కాగితం రాగానే బయలుదేరమన్నారట. వాడు భూలక్ష్మికి ఫోను చేశాడు. గుండ్రాయిలా ఉన్నారని చెప్పింది. మన ఇళ్ల నుంచి వాడికి అందిన ఒకే ఒక్క నిజం అది. వాడు నమ్మలేదు. ఎప్పుడూ చెప్పేదే కదా అనుకుని ట్రంకుపెట్టె సర్దేశాడు. రెండు రోజులు ఆ పెట్టె మీదే కూర్చున్నాడట. ఈలోగా ముత్యాల్లాంటి నా చేతిరాత వెళ్లింది. కమాండరు గారు దాన్ని అందరి ముందూ చదివి వినిపించి, ఇల్లంటే ఇలా ఉండాలని చెప్పి, నోటీసు బోర్డుకి అంటించారు. వాడు వెళ్లి పెట్టె విప్పేశాడు.

మీరు నన్ను చంపి వాడికి సెలవు తెచ్చారు. నేను బతికి పోగొట్టాను. అంతకు ముందే నా నియమంతో ఒకటి పోగొట్టాను. బిడ్డ పుట్టినప్పుడు వాడు మంచుగడ్డ మీద నిలబడి ఉన్నాడంటే అది శత్రువు పని కాదు, సర్కారు పని కాదు, ప్రెసిడెంటు పని కూడా కాదు. అతన్ని అనడానికి ఇంకేదైనా దొరకకపోదు, అది వేరే సంగతి.

"నేనేం చెయ్యాలి?" అని అడిగాను. డెబ్బై నాలుగేళ్లలో నేను ఈ ప్రశ్న ఎవరినీ అడగలేదు. అడిగింది పదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి.

"మీరు నిజం రాసిచ్చెయ్యండి మాస్టారూ, సుబేదార్ సాబ్‌కి నేను చెప్తాను. ఇంకోటండి. ఆదివారం ఆ ఫోను ఒదినగారి చేతికిచ్చి మీరంతా బయటికి పొండి."

రాసిచ్చాను. మమతని పిలిచి, మొదటి వాంగ్మూలం తప్పని, కోడలికి ఆపరేషను జరిగిందని, రెండు ఇళ్లలోనూ చెయ్యి సాయానికి మగదిక్కు సరిగా లేదని, నన్ను కూడా కలిపి, ఇంగ్లీషులో రాశాను. "ఈసారి ఎలా ఉన్నారని రాయమంటారండీ?" అంది ఆ పిల్ల. "సిగ్గుతో ఉన్నాడని రాయి" అన్నాను. ఆ గడి తన ఫారంలో లేదంది.

మొన్న ఆదివారం మీరు దిండిలో మీ వాళ్ల పెళ్లి భోజనంలో ఉండగా నేను బస్సెక్కి మీ ఇంటికి వచ్చాను. చెల్లెమ్మ కంగారుపడింది. పాపని చూశాను. నుదురు మా తమ్ముడిది. ఫోను మోగింది. అలవాటు కొద్దీ చెల్లెమ్మ స్పీకరు నొక్కబోయింది. నేను ఫోను అందుకుని రేవతి చేతిలో పెట్టి, చెల్లెమ్మని బయటికి నడిపించి, తలుపు దగ్గరగా వేశాను. ఇద్దరం వరండాలో కూర్చున్నాం. లోపల మొదట ఏమీ వినపడలేదు. తరువాత ఏడుపు వినపడింది. చెల్లెమ్మ లేవబోతే కూర్చోమన్నాను. అది ఆగి మళ్లీ వచ్చింది. ఒకసారి కోపంగా గట్టిగా ఏదో అంది. నన్నే అయి ఉంటుంది. ముప్పావు గంట పట్టింది. వాడి వెనక వరసలో నిలబడ్డవాళ్లు ఎంత తిట్టుకున్నారో.

రేవతి మొహం కడుక్కుని బయటికి వచ్చింది.

"ఏం చెప్పావమ్మా?" అన్నాను.

"ఏమీ బాగోలేదని చెప్పేను మామయ్యగారూ."

"వాడేమన్నాడు?"

"'హమ్మయ్య' అన్నారండి."

ఇట్లు,
మీ బావ
నరసింహమూర్తి.

తా.క.: సెలవు ఇచ్చారని ఇవాళ సుబేదారు గారు కబురు పంపారు. డిసెంబరు తొమ్మిదిన రాజమండ్రి స్టేషనులో దిగుతాడు. మీ కారు తీసుకురండి, నేనూ వస్తాను. దారిలో నాతో మాట్లాడవలసిన పని లేదు. మాట్లాడాలనిపిస్తే మాత్రం దగ్గకండి.